శిఖరం ఎక్కించేవి, చూపించి పంపేసేవి

రాష్ట్రానికో ఎత్తైన శిఖరం చొప్పున ఎక్కుకుంటూ పోదామనుకునేవాళ్లకు మొదటి దెబ్బ మున్నార్‌లో తగులుతుంది. ట్యాక్సీ ప్యాకేజీలో కేరళలోకెల్లా ఎత్తైన శిఖరం ‘అనైముడి’ అని ఉంటుంది. తీరా తీసుకెళ్లేది ఎరవికులం నేషనల్ పార్కులోని రాజమలకి. సొంత బండి కింద వదిలి అటవీశాఖ బస్సెక్కాలి, దిగాక కాస్త నడక, అంతటితో సరి. 2,695 మీటర్ల కొండ ఎదురుగా కనిపిస్తూనే ఉంటుంది, మామూలు సందర్శకుల్ని పైకి పోనివ్వరు. నీలగిరి తార్ మేకలు దారిపక్కనే మేస్తుంటే పిల్లలు సంబరపడతారు. ఎక్కుదామని బూట్లు బిగించుకొచ్చినవాడి మొహం మాత్రం చూడలేం. ఆ తార్ మేకలు ఈనే కాలమని ఫిబ్రవరి, మార్చి ప్రాంతంలో పార్కే మూసేస్తారు. ఆ తేదీలు కనుక్కోకుండా గది బుక్ చేయొద్దు.

తమిళనాడులో ఊటీ దొడ్డబెట్ట (2,637 మీటర్లు), రాజస్థాన్‌లో మౌంట్ అబూ గురుశిఖర్ (1,722): కారు దాదాపు పైదాకా పోతుంది. లెక్కలో వేసుకోవడానికి పనికొస్తాయి.

పడ్డ కష్టానికి తగ్గ చోటు గుజరాత్‌లోని గిర్నార్. ఇక్కడా తప్పు లెక్క వేసుకునేవాళ్లే ఎక్కువ. 2020 అక్టోబరులో రోప్‌వే వచ్చాక, అంబాజీ గుడి దగ్గర దిగి శిఖరం అయిపోయిందనుకునేవాళ్లున్నారు. దత్తాత్రేయ పాదుకలే అన్నిటికన్నా ఎత్తు అనుకునేవాళ్లూ ఉన్నారు. రెండూ కాదు, మధ్యలో వచ్చే గోరఖ్‌నాథ్ శిఖరం, 1,117 మీటర్లు. అక్కణ్ణుంచి బాగా దిగి, మళ్లీ నిటారుగా ఎక్కితే గానీ దత్తుడి పాదుకలు రావు. ఆ దిగుడంతా తిరుగుదారిలో ఎక్కుడవుతుంది. మోకాళ్లు మొరాయించేది అప్పుడే. శిఖరం ఒక్కటే కావాలంటే గోరఖ్‌నాథ్ నుంచే వెనక్కి తిరగొచ్చు. జట్టులో పెద్దవాళ్లుంటే ఆ మాట ఎత్తకండి, అంతదూరం వచ్చి దత్తుణ్ణి చూడకుండా కదలరు.

రోప్‌వే మొదలైనప్పుడు పెద్దలకు రానుపోను 700 రూపాయలు, ఒకవైపుకి 400 పెట్టారు. ఇప్పటి ధర చూసుకుని బయల్దేరండి. గాలి పెరిగితే ఆపేస్తారు. అందుకే రానుపోను టికెట్టు చేతిలో ఉన్నా, వేల మెట్లు దిగే ఓపికా, నీళ్లూ మిగుల్చుకోవాలి. డోలీ రేటు మనిషి బరువును బట్టి ఉంటుంది, తూకం దగ్గర మొహమాటపడి లాభం లేదు.

మహారాష్ట్ర కళ్‌సుబాయి (1,646) బారి గ్రామం నుంచి ఎక్కాలి. నిటారు బండల దగ్గర ఇనుప నిచ్చెనలున్నాయి. వానాకాలం శని, ఆదివారాల్లో ఎక్కేవాళ్లూ దిగేవాళ్లూ వాటి మీదే ఇరుక్కుంటారు. అందుకే మామూలు రోజు చూసుకుని, తెల్లవారకముందే కదలాలి. గొడుగు దండగ, రెయిన్‌కోటు వేసుకుని రెండు చేతులూ ఖాళీగా ఉంచుకోవాలి, తడి ఇనుము జారుతుంది.

జాబితా మొత్తం పూర్తి చేస్తానని పందెం కాయకండి. ఉత్తరాఖండ్ నందాదేవి (7,816) అభయారణ్యం 1980ల నుంచి మూసే ఉంది. కాంచన్‌జంగను సిక్కిం పవిత్రంగా చూస్తుంది, అటునుంచి ఎక్కనివ్వదు. మన ఆంధ్రా సంగతి ఇంకో తంటా: కొన్ని జాబితాల్లో అర్మకొండ (1,680), కొన్నింట జిందగడ (1,690). పేచీ లేకుండా రెండూ ఎక్కేయడమే మేలు. వాటికోసం విశాఖ దాకా ఎలాగూ వెళ్తారు గనక, ఒడిశా కోరాపుట్‌లోని దేవమాలి (1,672) కూడా ఆ విడతలోనే కలుపుకోండి, రోడ్డుంది.