మోటర్‌హోమ్‌లో కార్పెట్ తీసి చెక్క రూపు వినైల్ నేల: కొన్నేళ్ల వాడకం తర్వాత సమీక్ష

డల్లాస్ పరిసరాల్లో ఉంటున్న మా కుటుంబం వాడుతున్న మోటర్‌హోమ్ (లోపల ఇల్లులా అమర్చిన ప్రయాణపు వాహనం), ఫోర్డ్ ఈ-450 చాసిస్, అంటే అడుగు చట్రం మీద కట్టిన పాత బండి. దానికి ఒకవైపు బయటికి జరిగే స్లయిడ్ గది ఉంది. ఫ్యాక్టరీలో పరిచిన కార్పెట్‌ను తీసేసి, చెక్క రూపు ఉన్న వినైల్ (ఒక రకం ప్లాస్టిక్) పలకలను నేనే స్వయంగా వేసి కొన్నేళ్లయింది. టెక్సస్ వేసవినీ, గడ్డకట్టే చలినీ ఆ నేల తట్టుకోవడం చూశాక నాకు గట్టిగా కుదిరిన అభిప్రాయం ఒకటుంది: ఇలాంటి బండిలో కార్పెట్ ఉండకపోవడమే మేలు, అయితే దాని స్థానంలో ఏ పలక, ఎంత మందంలో వేయాలన్నది స్లయిడ్ గదే నిర్ణయిస్తుంది.

వంటగది, భోజనాల బల్ల, పడక అన్నీ ఒకే ఇరుకు నడవ చుట్టూ ఉన్న చోట కార్పెట్ శుభ్రంగా ఉండడం అసాధ్యం. పోపు వేసినప్పుడు చిందిన నూనె, పసుపు మరకలు, గాల్వెస్టన్ తీరపు ఇసుక, యూటాలోని మోయాబ్ ఎర్రమట్టి ఒకసారి దానిలోకి దిగితే ఎంత యంత్రంతో పీల్చినా పూర్తిగా రావు. చెప్పులు తలుపు దగ్గర విడిచి లోపలికి వచ్చేవాళ్లం, కింద కూర్చుని భోంచేసేవాళ్లం కనుక మాకిది మరింత ఇబ్బందిగా ఉండేది. ఇప్పుడు తడిగుడ్డతో ఒకసారి తుడిస్తే చాలు. మా అమ్మగారు వచ్చినప్పుడు ఏ సంకోచమూ లేకుండా నేల మీద చాప వేసుకుని కూర్చోగలుగుతున్నారు.

అసలు చెక్క వేయాలనే కోరిక నాకూ ఉండేది. గాలిలోని తేమను బట్టి చెక్క ఉబ్బుతుంది, ముడుచుకుంటుంది. ఏసీ ఆపి నెలల తరబడి నిలిపి ఉంచే బండిలో ఈ మార్పు ఇంట్లో కన్నా చాలా ఎక్కువ. లామినేట్ పలకల లోపల ఉండేది నొక్కిపెట్టిన చెక్కపొడి కనుక, పైకప్పు నుంచో సింకు కింద నుంచో నీరు కారితే అంచులు ఉబ్బి, మళ్లీ యథాస్థితికి రావు. మిగిలింది వినైల్. ఇందులో ఒకదానితో ఒకటి బిగుసుకుని, నేలకు అతుక్కోకుండా ఉండే దాదాపు 5 మిల్లీమీటర్ల గట్టి పలకలు ఒక రకం. జిగురుతో అతికించే 2 నుంచి 3 మిల్లీమీటర్ల పలుచని పలకలు మరొక రకం. మొదటి రకం బరువు చదరపు మీటరుకు సుమారు 8 నుంచి 10 కిలోలు ఉంటుంది, రెండోది అందులో సగం. నీళ్లు, సామాను, మనుషులు అన్నీ కలిపి 14,500 పౌన్లు, అంటే సుమారు 6,577 కిలోలు మించకూడని బండికి ఈ తేడా లెక్కలోకి వస్తుంది. నేను 2.5 మిల్లీమీటర్ల జిగురు రకాన్నే ఎంచుకున్నాను.

అన్నిటికన్నా ఓపిక పరీక్షించేది కార్పెట్ తీసే పని. ఫ్యాక్టరీలో ముందు కార్పెట్ పరిచి, దాని మీద అలమరలు బిగిస్తారు కనుక, అలమర అంచు వెంబడి కత్తితో కోసి బయట ఉన్న భాగాన్ని మాత్రమే తీయగలం. ఆ తర్వాత ప్లైవుడ్‌లో మిగిలిన స్టేపుల్ పిన్నులను పట్టకారుతో ఒక్కొక్కటిగా లాగాలి. పలుచని పలక కింద ఒక్క పిన్ను తల మిగిలినా కొద్దిరోజుల్లో పైకి గుర్తు తేలుతుంది కనుక, గుంతలను పూడ్చి, ఉప్పుకాగితంతో రుద్ది చదును చేశాకే జిగురు రాయాలి. ప్లైవుడ్ ఎక్కడైనా మెత్తబడి కనిపిస్తే ముందు నీరు ఎక్కడి నుంచి వస్తోందో కనిపెట్టి ఆపాలి.

ఇక స్లయిడ్ గది. అది లోపలికి వచ్చేటప్పుడు దాని నేల ప్రధాన నేల మీదుగా జరుగుతుంది. రెంటి మధ్య ఉండే ఖాళీ చాలా తక్కువ. కార్పెట్ నొక్కితే అణుగుతుంది, పలక అణగదు. అందువల్ల పలకలు కొనకముందే గదిని పూర్తిగా లోపలికి తెచ్చి ఆ ఖాళీని అంచు పొడవునా పలుచోట్ల కొలవాలి. రెండు కొసల్లో కొలత ఒకటే ఉంటుందని అనుకోకూడదు. స్లయిడ్ నేల బయటికి వెళ్లాక కిందికి దిగి ప్రధాన నేలతో సమంగా నిలిచే రకం బండ్లలో ఈ జాగ్రత్త రెట్టింపు ఉండాలి. మా బండిలో స్లయిడ్ అడుగున చిన్న ప్లాస్టిక్ రోలర్లున్నాయి. గది బరువులో కొంత వాటి మీదుగా నేల మీద పడుతుంది. కార్పెట్ ఉన్నంతకాలం వాటి జాడ కనిపించలేదు గానీ, వినైల్ మీద అవి గీతలు పెడతాయి. అందుకని అవి నడిచే దారిలో పలుచని గట్టి ప్లాస్టిక్ పట్టీలు పరిచి, గది జరిపే ముందు ఆ మేర తప్పనిసరిగా ఊడుస్తున్నాము. ఒక్క ఇసుక రేణువు రోలర్ కింద పడినా పొడవైన గీత మిగులుతుంది. స్లయిడ్ ముందు అంచుకు చుట్టి ఉన్న కార్పెట్ పోయాక అక్కడ పచ్చి ప్లైవుడ్ బయటపడింది. దానికి అల్యూమినియం అంచుపట్టీ, కింద దుమ్ము చొరకుండా పొట్టి పోగుల కార్పెట్ ముక్క బిగించాను.

2021 ఫిబ్రవరిలో డల్లాస్‌లో ఉష్ణోగ్రత మైనస్ 19 డిగ్రీల సెల్సియస్ వరకు పడిపోయినప్పుడు బండి షెడ్డు కూడా లేని చోట నిలిపి ఉంది. ఆ వారం తర్వాత చూస్తే కొన్ని అతుకుల దగ్గర వెంట్రుకవాసి సందులు కనిపించాయి, ఎండలు రాగానే అవి మూసుకుపోయాయి. జిగురు ఎక్కడా వదలలేదు. గట్టి పలకలను అలమరల అంచులకు ఆనించి వేయించుకున్న మరో కుటుంబం బండిలో మాత్రం, వేసవిలో వ్యాకోచానికి చోటు లేక నేల మధ్యలో పైకి లేచింది. ఆ రకం వేసేవారు చుట్టూ కనీసం 6 మిల్లీమీటర్ల సందు వదిలి, దాని మీద బీడింగ్ వేయడం అవసరం.

కార్పెట్ పోవడం వల్ల నష్టాలూ ఉన్నాయి. చలికాలపు ఉదయాల్లో నేల స్పష్టంగా చల్లగా ఉంటుంది, ప్రయాణంలో రోడ్డు చప్పుడు పెరిగింది. ఇంజిన్ వేడీ మోతా ఎక్కువగా ఉండే డ్రైవరు భాగంలో ఫ్యాక్టరీ కార్పెట్‌ను ఉన్నది ఉన్నట్లే ఉంచడం ఆ వేడీ మోతా లోపలికి తక్కువగా రావాలనే. మిగతా చోట నూలు జంపఖానాలు వేస్తున్నాము. వెనుక రబ్బరు పూత ఉన్న మ్యాట్లు మాత్రం వేయకండి. రబ్బరు వినైల్‌తో చర్య జరిపి పసుపు మరక పెడుతుంది, అది ఏ సబ్బుకూ పోదు. ఆవిరితో తుడిచే యంత్రాలు కూడా జిగురును వదులు చేస్తాయి.

పలకలు కొనేటప్పుడు ఒక పెట్టె అదనంగా తీసుకోండి. సింకు ముందు బరువైన గిన్నె పడి చిట్లిన పలకను హెయిర్ డ్రయ్యర్‌తో వేడి చేసి, జిగురు మెత్తబడ్డాక ఊడదీసి, అదే పెట్టెలోని కొత్త పలకను పెట్టాను. పక్క పలకలను కదిలించవలసిన అవసరం రాలేదు.