తరంగంబాడి: గైడ్ వెంట నడవాలా, మన దారిన మనం తిరగాలా?

తమిళనాడులోని మయిలాడుతురై జిల్లాలో సముద్రం ఒడ్డున ఉంది తరంగంబాడి. డేన్మార్క్ వారు ట్రాంకెబార్ అని పిలుచుకున్న ఊరు ఇదే. పాత ఊరు చాలా చిన్నది. 1792లో కట్టిన నగర ద్వారం దగ్గర బయలుదేరి రాజవీధి వెంట ఎక్కడా ఆగకుండా నడిస్తే, కాళ్లు నొప్పి పుట్టకముందే సముద్రం ఎదురవుతుంది. ఇంత చిన్న ఊరికి గైడ్ ఎందుకని చాలామంది అడుగుతారు. ఊరు చిన్నది కాబట్టే కావాలంటాను నేను. హంపి లాంటి చోట చరిత్ర ఒక్క ముక్క తెలియకపోయినా ఆ రాళ్లను చూసి నోరు వెళ్లబెడతాం. ఇక్కడ కంటికి ఆనేది కొంచెమే, అసలు కథ అంతా కనబడని చోట ఉంది.

డాన్స్‌బోర్గ్ కోట సంగతే చూడండి. సొంతంగా వెళ్తే ఏముంటుంది? ఒక మోస్తరు కట్టడం, కొన్ని ఫిరంగులు, పురావస్తు శాఖ వారి మ్యూజియం, వెనక సముద్రం. ఫోటోలు తీసుకుని అరగంటలో బయటపడతాం. తెలిసిన గైడ్ అయితే 1620 దగ్గర మొదలుపెడతాడు. మిరియాల కోసం వచ్చిన డేన్మార్క్ నౌకాధిపతి ఓవె గెడ్డె, తంజావూరు రాజు రఘునాథ నాయకుడితో ఒప్పందం చేసుకుని ఈ కోటకు చోటు సంపాదించాడు. ఆనాడు నాయకుడు బంగారు రేకు మీద రాయించి పంపిన లేఖ ఇప్పుడు కోపెన్‌హాగన్‌లో ఉంది. అంటే ఈ ఊరి అతి విలువైన వస్తువు ఈ ఊళ్లోనే లేదు. ఆ మాట ఎవరైనా చెబితే తప్ప, మ్యూజియంలో ఎన్ని అద్దాల పెట్టెల్లోకి తొంగిచూసినా తెలియదు.

గైడ్ వల్ల నిజమైన లాభం విడివిడిగా ఉన్నవాటిని కలిపి చూపడంలో ఉంది. 1706లో ఇక్కడ దిగిన జర్మన్ మత ప్రచారకుడు జీగెన్‌బాల్గ్‌ను పంపింది సాక్షాత్తు డేన్మార్క్ రాజు. రెండేళ్లు దాటిన కొద్ది నెలలకే, అదే రాజు జెండా కింద పనిచేసే ఇక్కడి అధికారి ఆయనను ఈ కోటలోనే సుమారు నాలుగు నెలలు బంధించాడు. ఆ మనిషే తరవాత తమిళంలో కొత్త నిబంధన అచ్చు వేయించాడు, 1718లో రాజవీధిలో న్యూ జెరూసలేం చర్చి కట్టించాడు. ఆ చర్చి ముఖం మీద కిరీటమూ, నాలుగో ఫ్రెడరిక్ రాజు పేరులోని పొడి అక్షరాలూ కనిపిస్తాయి. మరుసటి ఏడాదే 36 ఏళ్లకు జీగెన్‌బాల్గ్ చనిపోయాడు. సమాధి ఆ చర్చిలోనే ఉంది. ఒంటరిగా తిరిగేవారికి కోట వేరు, చర్చి వేరు. ఈ కథ విన్నాక మధ్యలోని వీధికి కూడా ఒక అర్థం వస్తుంది.

అయితే గైడ్ నోట వచ్చిందల్లా శాసనం కాదు. తరంగంబాడి అంటే ‘అలలు పాడే ఊరు’ అని అందంగా చెబుతారు. తరంగం మనకూ తెలిసిన మాటే కనుక వెంటనే నమ్మేస్తాం. కానీ ఒడ్డునే ఉన్న మాసిలామణినాథర్ గుడి శాసనంలో ఈ ఊరి పేరు సడంగన్‌పాడి. పైగా తమిళ ఊళ్ల పేర్ల చివర ‘పాడి’ అంటే చాలాచోట్ల నివాస స్థలం అనే అర్థం. పాట సంగతి తరవాతి వారి ముచ్చట కావచ్చు. వినడానికి బాగుంటే వినండి, రాసి పెట్టుకోవద్దు.

భాష ఇంకో చిక్కు. గైడ్ చెప్పేది తమిళమో ఇంగ్లీషో అవుతుంది. తెలుగువారికి ప్రత్యేకంగా పట్టే విషయాలు ఆయన తనంతట తాను ఎత్తకపోవచ్చు. ఒప్పందం చేసిన రఘునాథ నాయకుడు తెలుగులో కావ్యాలు రాసిన కవి. జీగెన్‌బాల్గ్ తరవాత ఇక్కడ పనిచేసిన బెంజమిన్ షుల్జ్ మద్రాసు వెళ్లి తెలుగు నేర్చుకున్నాడు, వ్యాకరణం రాశాడు. ఆయన తెలుగు పుస్తకాలు 1746 ప్రాంతంలో జర్మనీలోని హాలేలో అచ్చయ్యాయి. మన అచ్చు పుస్తకాల కథలో తొలి పేజీలకు ఈ ఊరితో చుట్టరికం ఉందన్నమాట. ఇవి మీరే అడిగి చెప్పించుకోవాలి.

ఫోనులో వింటూ నడవడం మూడో దారి. నాకు నచ్చదు. ఎండకు తెర కనబడదు, గాలికి మాట వినబడదు, ఎదురు ప్రశ్న వేయడానికి అవతల మనిషి ఉండడు. ఆ వివరాలేవో ముందు రాత్రి బసలో చదువుకోవడం నయం.

ఒంటరి నడకే గెలిచే చోటు ఒకటుంది, అది ఒడ్డున ఉన్న ఆ మాసిలామణినాథర్ గుడి. 14వ శతాబ్ది ఆరంభంలో పాండ్యరాజుల కాలంలో వెలసిన ఆ గుడిలో చాలా భాగాన్ని సముద్రం మింగేసింది. అక్కడ తేదీలు చెప్పే గొంతు అడ్డమే అనిపిస్తుంది. తూర్పు తీరం కాబట్టి తెల్లవారుజామున వెళ్లి, రాళ్ల మీద కూర్చుని, అలలు ఎంతవరకు వస్తున్నాయో చూస్తే చాలు. మత్స్యకారుల వాడల వైపు కూడా గుంపుగా వెళ్లకపోవడమే మర్యాద. 2004 సునామీ ఆ ఇళ్లలో మనుషులను తీసుకుపోయింది, అది చూడవలసిన స్థలాల పట్టికలో చేర్చేది కాదు.

నా ఓటు గైడ్‌కే, కాకపోతే రెండో రోజు. సాయంత్రానికి ఊరు చేరి, ఎవరినీ పిలవకుండా ఒకసారి తిరిగి రండి. ఆ గోడ మీది కిరీటం ఎవరిది, ఈ వీధి ఇంత తిన్నగా ఎందుకుంది అనే ప్రశ్నలు పుడతాయి. పొద్దున్నే గుడి దగ్గర కూర్చుని వచ్చి, ఎండ ముదరకముందే గైడ్‌తో నగర ద్వారం దగ్గర మొదలుపెట్టండి. మొదటే గైడ్ వెంట వెళ్తే ఆయన వేలు చూపినవే చూస్తాం. ఒక్క పూటే ఉంటే మాత్రం రాజవీధి, కోట గైడ్‌తో ముగించి, ఆయనను పంపేశాక గుడికి వెళ్లండి. నలుగురైదుగురికి మించిన బృందంలో చేరవద్దు. వెనక నడిచేవారికి సముద్రం హోరు తప్ప ఏమీ వినబడదు.