చీనీకాయ అడిగితే నిమ్మకాయ వచ్చింది: తెలుగు పాఠాల్లో ఇంటర్నెట్ ఫొటోలతో నా అనుభవం

గుంతకల్లులో మా ఇంటి ముందు గదిలో 2019 నుంచి తెలుగు మాట్లాడటం నేర్పిస్తున్నాను. ఇక్కడ రైల్వే డివిజన్ ఆఫీసు ఉంది కాబట్టి బీహార్, ఒడిశా, కేరళ నుంచి బదిలీ మీద వచ్చే కుటుంబాలు ఎప్పుడూ ఉంటాయి. వాళ్లకు ముందు కావలసింది అక్షరాలు కాదు, మార్కెట్‌కు పోయి అడిగి కొనుక్కోవడానికి మాటలు. అందుకే నా మొదటి పది పాఠాలూ తిండి గురించే. ఆ పాఠాలకు ఇంటర్నెట్‌లో దొరికే ఫొటోలు వాడుతూ వచ్చాను. ఇన్నేళ్లలో ఏది పనికొచ్చింది, ఏది ఇబ్బంది పెట్టింది అన్నది రాస్తున్నాను.

నాకు అన్నిటికంటే ఎక్కువ ఉపయోగపడింది ఒకే వస్తువుకు రెండు మూడు ఫొటోలు పక్కపక్కన పెట్టడం. పచ్చి మామిడి ఒకటి, పండింది ఒకటి చూపిస్తే కాయ, పండు అనే తేడా నోటితో వివరించే పనే ఉండదు. అరటిదీ అంతే: కాయ, పండు, పువ్వు, ఆకు అని నాలుగు ఫొటోలు. తర్వాత వడ్లు, బియ్యం, అన్నం. హిందీలో బియ్యానికీ అన్నానికీ చావల్ అనేస్తుంటారు కాబట్టి "అన్నం ఒక కిలో ఇవ్వండి" అని షాపులో అడిగి వచ్చినవాళ్లు నా దగ్గరే ఇద్దరున్నారు. ఆ మూడు ఫొటోలూ చూశాక మళ్లీ ఆ తప్పు రాలేదు. మలయాళం వాళ్లకు నెల్లు, అరి, చోరు అని మూడు మాటలూ ముందే ఉన్నాయి, కాబట్టి వాళ్లకు ఒక్క నిమిషం చాలు. టెంకాయ అంటే వాళ్ల ముఖం వెలిగిపోతుంది, వాళ్లది తేంగ కదా!

ఇబ్బంది అంతా వెతకడంలోనే. చీనీకాయ, అంటే బత్తాయి, మా జిల్లా పంట. ఇంగ్లీషులో స్వీట్ లైమ్ అని కొడితే సగం ఫొటోల్లో పచ్చటి చిన్న నిమ్మకాయలే వచ్చాయి. మోసంబి అని ఇంగ్లీషు అక్షరాల్లో కొడితే సరైనవి వచ్చాయి. ఉగ్గాని కోసం వెతికితే అటుకుల ఉప్మా చూపించింది. బొరుగులు నానబెట్టి చేసేదానికీ అటుకులతో చేసేదానికీ తేడా తినేవాడికి తెలుస్తుంది, ఫొటోలో తెలియదు. సంగటి అని వెతికితే ఎక్కువగా కర్ణాటక రాగి ముద్ద వస్తుంది. మన సంగటిలో అన్నం మెతుకులు కనబడాలి. ఉగ్గానికీ సంగటికీ చివరికి మా వంటింట్లోనే ఫోన్‌తో ఫొటో తీసుకున్నాను. మన ఊరి తిండికి ఇంటర్నెట్‌ను నమ్ముకోవద్దని ఖచ్చితంగా చెప్తాను.

చిరుధాన్యాలకు, అలసందల్లాంటి గింజలకు మాత్రం ఒక ఉపాయం దొరికింది. మిల్లెట్ అని కొడితే కొర్రలు, సామలు, సజ్జలు అన్నీ కలిసిపోయి వస్తాయి. శాస్త్రీయ నామంతో వెతకాలి. కొర్రలకు సెటేరియా ఇటాలికా, అలసందలకు విగ్నా అంగ్విక్యులాటా. ఉచితంగా వాడుకోగల ఫొటోలుండే వికీమీడియా కామన్స్ వెబ్‌సైట్‌లో మొక్కల ఫొటోలు చాలావరకు ఆ పేర్లతోనే సర్ది ఉంటాయి. అలసందలన్నా బొబ్బర్లన్నా శాస్త్రీయ నామం ఒకటే.

పేర్ల గురించి ఇంకొక మాట. మొదటి ఏడాది కార్డుల మీద పుస్తకాల తెలుగే రాశాను: ఉల్లిపాయలు, వేరుశనగ, బంగాళాదుంప. ఒడిశా నుంచి వచ్చిన ఒకామె చక్కగా నేర్చుకుని మార్కెట్‌కు పోతే, "ఎర్రగడ్డలామ్మా? ఎంత కావాల?" అని అడిగారట. అదేదో వేరే కూరగాయ అనుకుని ఉత్త చేతులతో తిరిగొచ్చింది. ఆ రోజు నాకు చాలా బాధేసింది. నేర్చుకున్నది సరైన మాటే, నేర్పినదాంట్లోనే లోటు. అప్పటి నుంచి ప్రతి ఫొటో కింద రెండు పేర్లు రాస్తున్నాను. ఉల్లిపాయ కింద ఎర్రగడ్డ, వెల్లుల్లి కింద తెల్లగడ్డ, వేరుశనగ కింద చెనిక్కాయ, బంగాళాదుంప కింద ఉర్లగడ్డ, బత్తాయి కింద చీనీ. పైపేరు చదవడానికి, కిందిపేరు అడగడానికి.

హోటల్ ప్రకటనల్లాంటి ఫొటోలు పాఠానికి పనికిరావు. నల్లటి బల్ల, రాగి గిన్నె, పైన కొత్తిమీర, పక్కన చెంచా ఉంటే "ఇదేంటి?" అన్నప్పుడు నేర్చుకునేవాళ్లు గిన్నె పేరు అడుగుతారు. తెల్లటి వెనకభాగంతో ఒక్క వస్తువే ఉన్నది ఎంచుకోవాలి. సైజు తెలియకపోవడం ఇంకో సమస్య. ఉసిరికాయను ద్రాక్షపండు అన్నవాళ్లున్నారు. నేను తీసే ఫొటోల్లో పక్కన రూపాయి బిళ్ల పెడుతున్నాను.

హక్కుల సంగతి కూడా చూసుకోవాలి. వంటల వెబ్‌సైట్లలోని ఫొటోలు తీసినవాళ్లవి. అడగకుండా కార్డులుగా వేసి పంచడం నాకు నచ్చదు. గూగుల్ ఇమేజెస్‌లో టూల్స్ నొక్కి క్రియేటివ్ కామన్స్ ఎంచుకుంటే ఉచితంగా వాడుకోగలిగినవి విడిగా వస్తాయి, అయినా అసలు పేజీకి పోయి షరతులు చదవాల్సిందే. చాలావాటికి ఫొటో తీసినవారి పేరు, లైసెన్సు పేరు ఇవ్వాలి. నేను కార్డు వెనక రాస్తాను.

2020 లాక్‌డౌన్‌లో వాట్సాప్ వీడియో మీద చెప్పినప్పుడు ఈ ఫొటోలే లేకపోతే పాఠాలు ఆగిపోయేవి. ఇప్పుడు ఎదురుగా కూర్చున్నవాళ్లకు ఫోన్ చూపించడం మానేశాను. రంగుల్లో ప్రింట్ తీసి లామినేషన్ చేయించిన కార్డులు చేతికిస్తే వాళ్లే వాటిని సంతలాగా పరుచుకుని బేరాలాడతారు. "అన్నా, అర్ధకిలో మటిక్కాయలు (గోరుచిక్కుళ్లు) వేయి" అన్న వాక్యం అక్కడే వస్తుంది. ఫొటో పేరు మాత్రమే నేర్పగలదు, వేయి, తగ్గించు, ఏరుకుంటా లాంటి మాటలకు ఈ ఆటే కావాలి.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు యాభై కార్డులతో మొదలుపెట్టండి, అందులో ముప్పై ఇంటర్నెట్ నుంచి, ఇరవై మీ ఊరి మార్కెట్‌లో మీరే తీసినవి. అమ్మేవాళ్లను అడిగి తీయండి. మా దగ్గర కూరగాయలమ్మే ఒకమ్మ అయితే ఫొటో తీస్తుంటే ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుని, దాని పేరేమిటో తనే చెప్పింది. వాటిలో రెండు పేర్లు నాకూ కొత్తే. ఇప్పుడు అవి కూడా కార్డుల మీదున్నాయి.