అత్తయ్యతో ఇంగ్లీషు హోటల్‌కి

బిల్లు దగ్గర చిన్న గొడవ జరిగింది కాబట్టి హోటల్ పేరు రాయడం లేదు. ఎం.జి. రోడ్డుని సౌత్ పరేడ్ అనే రోజుల నుంచీ ఉందంటారు. బెంగళూరు కంటోన్మెంట్ వైపు తిరిగేవాళ్లకి ఈపాటికి అర్థమైపోయి ఉంటుంది.

నెల్లూరు నుంచి మా అత్తయ్య వచ్చారు. మోకాళ్ల నొప్పులు, మాల్స్‌లో తిరగలేరు. "కూర్చుని తినే చోటు ఏదైనా చూడు నాయనా" అన్నారు. కూర్చోవడానికైతే ఈ హోటల్‌ని మించింది లేదు. పన్నెండు యాభైకి కూర్చున్నాం, సూప్ ఒకటింబావుకి వచ్చింది. పైన పొడుగు రాడ్లకి వేలాడే ఫ్యాన్లు, కింద తెల్ల టేబుల్ క్లాత్. మెనూ కార్డులో పాత రేటు మీద కొత్త రేటు స్టిక్కర్ అంటించారు. ఊరికే కూర్చోలేక గోటితో ఒకటి లేపి చూశాను. దాని కింద ఇంకో స్టిక్కర్, దాని కింద అచ్చులో 85 రూపాయలు. ఇప్పుడు ఆ సూప్ 260.

ఆ సూప్ పేరు ముల్లిగటానీ. అరవంలో మిళగు తణ్ణీర్, అంటే మిరియాల నీళ్లు. తెల్లవాళ్లు మన చారు తీసుకెళ్లి మాంసం రసం, కూర పొడి కలిపి, పేరు నోరు తిరగక ఇలా చేశారు. అత్తయ్య రెండు చెంచాలు తాగి, "చారుకి జలుబు చేసినట్టుంది" అన్నారు. వడ్డించే పెద్దాయన కుప్పం మనిషట, తెలుగు విని నవ్వేశాడు. అడక్కుండానే సాసర్‌లో నాలుగు పచ్చిమిరపకాయలు, చక్రాల్లా కోసిన ఉల్లిపాయ తెచ్చిపెట్టి, "తినండమ్మా, ఇక్కడ అందరూ అడిగేదే" అన్నాడు. మెనూలో లేని వస్తువు అదే, అన్నిటికన్నా ముందు ఖాళీ అయిందీ అదే.

అసలు కథ సాస్ సీసాది. టేబుల్ మీద వూస్టర్ సాస్ ఉంది, లీ అండ్ పెరిన్స్ వాళ్లది. ఇంగ్లండ్‌లో 1837 నుంచి అమ్ముతున్నారు. మా ఆవిడ శనివారాలు నీచు ముట్టదు, చీజ్ టోస్ట్ చెప్పుకుని దాని మీద ఈ సాస్ ధారాళంగా పోసుకుంది. అత్తయ్య ఒక చుక్క వేలి మీద వేసుకుని నాకి, "ఇందులో చింతపండు ఉంది, ఎండుచేపల వాసన కూడా వస్తోంది" అన్నారు. నేను నమ్మలేదు. ఫోన్ టార్చ్ వేసి లేబుల్ చదివితే వెనిగర్, చింతపండు, ఆంకోవీలు! ఆంకోవీ అంటే ఉప్పులో ఊరబెట్టిన చిన్న చేప. మా ఆవిడ నోట్లో ముక్క నోట్లోనే ఉండిపోయింది. "తెలియక తిన్నదానికి దోషం లేదులే, మింగు" అని అత్తయ్యే తీర్పు చెప్పారు. శాకాహారులూ, ఎక్కడైనా సరే ఆ సీసా ముట్టేముందు లేబుల్ చూసుకోండి.

ఫిష్ అండ్ చిప్స్ వద్దు. పైన పిండి మెత్తబడిపోయింది, లోపల చేప నీళ్లోడుతోంది. ఇంగ్లండ్‌లో దీనికి కాడ్, హాడక్ వాడతారు, రెండూ సముద్రపు చేపలే. ఇక్కడ బాసా. "చెరువుల్లో పెంచే పంగాస్ కదా ఇది" అని నెల్లూరు మనిషి ఒక్క ముక్కకే పట్టేశారు. మావాడు చిప్స్ తిని చేప వదిలేశాడు. రోస్ట్ చికెన్ పర్లేదు, గ్రేవీ బాగుంది.

'షెపర్డ్స్ పై' అనే వంటకం మాత్రం తినాల్సిందే. అడుగున మటన్ ఖీమా, పైన ఉర్లగడ్డ ముద్ద. ఆ ముద్ద మీద ఫోర్కుతో గీతలు గీసి ఓవెన్‌లో పెడతారేమో, గీతల అంచులు ఎర్రగా మాడి కరకరలాడుతున్నాయి. అత్తయ్య ఆ అంచులన్నీ ముందు గోకి తినేసి, తర్వాత ఖీమాలో వూస్టర్ సాస్, మిరియాలపొడి, పచ్చిమిరపకాయ తుంపి కలుపుకున్నారు. నాకూ ఒక చెంచా పెట్టారు. ఆ చెంచా కోసమైనా మళ్లీ వెళ్తాను. క్యారమెల్ కస్టర్డ్ గురించి చెప్పడానికేం లేదు, అది ఎప్పుడూ బాగానే ఉంటుంది.

ఇక బిల్లు. 3,200 రూపాయల తిండికి సర్వీస్ చార్జి అని 320 కలిపారు. అడగకుండా ఇలా కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జూలైలోనే చెప్పింది, ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో దాన్నే సమర్థించింది. కౌంటర్‌లో ఉన్నాయన "మా దగ్గర ఎప్పట్నుంచో ఇదే పద్ధతి సార్" అన్నాడు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయనా అని నెమ్మదిగా అడిగాను. మారుమాట లేకుండా కొత్త బిల్లు కొట్టిచ్చాడు. బయటికొస్తూ అత్తయ్య తన పర్సులోంచి రెండొందలు తీసి కుప్పం పెద్దాయన చేతిలో పెట్టారు.

కారు తీసుకెళ్లకండి, పార్కింగ్ దొరకదు, మెట్రో దిగి నడవడమే మేలు. బాత్రూమ్ పై అంతస్తులో ఉంది, చెక్క మెట్లు పద్నాలుగు. అత్తయ్య లెక్కపెట్టారు.