ఎనోడెన్ ఒకరోజు పాస్ ‘నోరిఓరికున్’: స్లామ్ డంక్ గేటు చూడ్డానికి వెళ్లేవాళ్లు కొనాలా?

బాస్కెట్‌బాల్ కథతో వచ్చిన జపాన్ యానిమేషన్ టీవీ సిరీస్ స్లామ్ డంక్ (1993–96) ఓపెనింగ్ పాటలో కనిపించే రైల్వే గేటు జపాన్‌లోని కమకురా నగరంలో, సముద్రపు ఒడ్డున, కమకురాకోకోమాయె స్టేషన్ పక్కనే ఉంది. అక్కడికి తీసుకెళ్లేది ఎనోడెన్ అనే చిన్న రైలు. ఫుజిసావా నుంచి కమకురా దాకా మొత్తం 10 కిలోమీటర్లు, 15 స్టేషన్లు, ప్రయాణం అరగంట పైచిలుకు. దీని ఒకరోజు పాస్ పేరు నోరిఓరికున్, ధర 800 యెన్‌లు, పిల్లలకు అందులో సగం. 2023 అక్టోబరు దాకా ఇది 650కే దొరికేది కాబట్టి పాత సలహాలు నమ్మి కొనొద్దు, లెక్క మారింది.

గేటు ఒక్కటే చూసి వెనక్కి వచ్చేస్తామంటే పాస్ దండగ. కమకురా నుంచైనా ఫుజిసావా నుంచైనా ఒకవైపు టికెట్ 260 యెన్‌లు, రానుపోను 520. అదే కమకురాలో ఎక్కి గేటు దగ్గర దిగి, ఎనోషిమా దీవి చూసుకుని, వచ్చేటప్పుడు పెద్ద బుద్ధుడి విగ్రహం కోసం హసే స్టేషన్‌లో ఆగి మళ్లీ కమకురా చేరితే విడి టికెట్లకే 900 దాటుతుంది. అంటే నాలుగుసార్లు ఎక్కిదిగేవాళ్లకు పాస్ గిట్టుబాటు. టోక్యోలో షింజుకు వైపు ఉండేవాళ్లు మాత్రం దీన్ని పక్కన పెట్టి ఒడాక్యూ అనే ప్రైవేటు రైలు కంపెనీ వాళ్ల ఎనోషిమా–కమకురా ఫ్రీపాస్ తీసుకోవాలి. షింజుకు నుంచి ఫుజిసావాకు రానుపోను, ఎనోడెన్‌లో ఎన్నిసార్లయినా ఎక్కే వీలు, అన్నీ కలిపి 1,640 యెన్‌లు. ఇంతకన్నా మంచి బేరం ఈ దారిలో లేదు. రేట్లు మారుతుంటాయి, బయల్దేరే ముందు ఒకసారి చూసుకోండి.

ఇండియా నుంచి జేఆర్ పాస్ (జపాన్ రైల్వేస్ రైళ్లకు పనికొచ్చే టూరిస్టు పాస్) కొనుక్కుని వచ్చేవాళ్లు చాలామంది ఇక్కడ తడబడతారు. ఎనోడెన్ ప్రైవేటు లైను, ఆ పాస్ ఇక్కడ చెల్లదు. ముందే డబ్బు వేసుకుని వాడే సుయికా, పాస్మో కార్డులు పనిచేస్తాయి. 2023 ఏప్రిల్ నుంచి కాంటాక్ట్‌లెస్ క్రెడిట్ కార్డును స్టేషన్ టికెట్ గేటు దగ్గర ఆనించినా సరిపోతుంది. నోరిఓరికున్ కావాలంటే ఎనోడెన్ స్టేషన్ టికెట్ మిషన్‌లో తీసుకోవచ్చు.

ఏ చివర నుంచి ఎక్కాలి అంటే ఫుజిసావా నుంచే. వారాంతాల్లో, ఏప్రిల్ చివరి సెలవుల్లో, జూన్‌లో హైడ్రాంజియా పూసే రోజుల్లో కమకురా వైపు క్యూ స్టేషన్ బయటికి వచ్చేస్తుంది. ఫుజిసావాలో ఎక్కి కుడి పక్కన నిలబడండి, సముద్రం అటే వస్తుంది. ఎనోషిమా దాటాక 28 మీటర్ల వ్యాసార్థం ఉన్న మలుపు తిరిగి రైలు నేరుగా రోడ్డు మీదికి దిగుతుంది. కార్లు పక్కకు తప్పుకుంటుంటే ఇళ్ల మధ్యలోంచి మెల్లగా పాకుతుంది. కొషిగొయె స్టేషన్‌లో దిగాలనుకుంటే కమకురా వైపు చివరి పెట్టెలో ఎక్కొద్దు. అక్కడ ప్లాట్‌ఫాం పొట్టిది, నాలుగు పెట్టెల రైలుకు ఆ పెట్టె తలుపులు తెరుచుకోవు.

ఇక గేటు. స్టేషన్ నుంచి కమకురా వైపు కొన్ని అడుగులే. ఫొటో కోసం వెళ్లేవాళ్లు ముందు తెలుసుకోవాల్సింది రైళ్ల లయ. లైను సింగిల్ ట్రాక్, 2023 మార్చి నుంచి ఒక్కోవైపు 14 నిమిషాలకో రైలు. ఎదురెదురు రైళ్లు తప్పుకునే చోటు ఈ స్టేషన్‌లో లేదు, కాస్త తూర్పున మినెగహరా సిగ్నల్ దగ్గర ఉంది. అందుకని కమకురా వెళ్లే రైలు గేటు దాటిన కొద్ది నిమిషాల్లోనే ఎదురు రైలు వస్తుంది, ఆ తర్వాత చాలాసేపు ఏమీ రాదు. మొదటి రైలు ఫొటో చెడిపోయిందని వెళ్లిపోకుండా అక్కడే ఉంటే వెంటనే రెండో అవకాశం దొరుకుతుంది. సముద్రం వైపు తిరిగి నిలబడితే కమకురా రైలు కుడి నుంచి ఎడమకు వెళ్తుంది. స్టేషన్‌లోంచి అప్పుడే కదిలింది కాబట్టి నెమ్మదిగానే ఉంటుంది.

ఫోన్‌తో మామూలు లెన్స్ వాడితే సముద్రం ఎక్కడో దూరంగా గీతలా పడుతుంది. వాలు మీదికి కొంచెం పైకి ఎక్కి 2x గానీ 3x గానీ పెడితే సముద్రం రైలు వెనక్కి దగ్గరగా వచ్చి, పాటలో చూసిన దృశ్యం కుదురుతుంది. కెమెరా చూసేది దక్షిణానికి. చలికాలంలో మీకు కనిపించే రైలు పక్క మీద ఎండ పడదు, ఆకాశం తెల్లబోయి రైలు నల్లబడుతుంది. స్క్రీన్ మీద రైలు వచ్చే చోటును ముందే నొక్కి వెలుతురు సరిచేసి పెట్టుకోవాలి. పెట్టెలు ఎక్కువగా ఆకుపచ్చ–మీగడ రంగువే. ముదురు నీలం రైలు వస్తే అది వేరే రకం, పాటలో రంగు కావాలంటే తర్వాతిది చూడండి.

ఇది జనం కాపురముండే వీధి, కార్లు నిజంగానే వస్తుంటాయి. ఫొటో కోసం రోడ్డు మధ్యలో నిలబడడం, పట్టాల మీదికి పోవడం, ఇళ్ల గేట్ల ముందు కూర్చోవడం వల్ల అక్కడివాళ్లు ఏళ్లుగా విసిగిపోయి ఉన్నారు. రద్దీ రోజుల్లో గార్డులు ఉంటారు, వాళ్లు చూపించిన చోటే నిలబడండి. సిరీస్‌లోని ర్యోనాన్ స్కూలుకు నమూనా అంటారే, ఆ హైస్కూలు పైన ఉంది. పిల్లలు చదువుకునే బడి, లోపలికి వెళ్లకూడదు. మామూలు రోజుల్లో ఉదయం ఏడుకే చేరుకుంటే విద్యార్థుల రద్దీకీ, టూరిస్టులకూ ముందే పని అయిపోతుంది. చలికాలపు తేట ఉదయాల్లో పడమర ఫుజి పర్వతం కూడా కనిపిస్తుంది. పొద్దెక్కాక పదకొండుకు వెళ్లి నిరాశపడితే ఆ తప్పు రైలుది కాదు.

తిండి విషయంలో శాకాహారులు ముందే జాగ్రత్తపడాలి. ఇక్కడి ప్రత్యేక వంటకం షిరాసు, అంటే చిట్టి చేపలు వేసిన అన్నం. కూరగాయల సూప్‌లో కూడా తరచుగా చేపల రసం ఉంటుంది. ఫుజిసావాలోనే ఉమెబోషి ఓనిగిరి (ఉప్పులో ఊరేసిన పుల్లటి పండు పెట్టిన అన్నం ముద్ద) లాంటివి కొని సంచిలో పెట్టుకోండి. తినడం మాత్రం తీరాన ఆరుబయట కాదు. ఈ ఒడ్డున గద్దలు వెనక నుంచి దూసుకొచ్చి చేతిలోది తన్నుకుపోతాయి, గోళ్లు గీరుకుంటాయి కూడా. తినాలనిపిస్తే పైన కప్పున్న చోటికి వెళ్లి తినండి.