లాయర్ మీద ఫిర్యాదు: బార్ కౌన్సిల్‌లో దొరికేదీ, దొరకనిదీ

హైదరాబాద్‌లో హైకోర్టు ప్రాంగణంలోని తెలంగాణ బార్ కౌన్సిల్‌కు (లాయర్ల నమోదు, క్రమశిక్షణ చూసే సంస్థ) ఫిర్యాదుతో వెళ్లేవాళ్లలో చాలామందికి కావలసింది కట్టిన ఫీజు వెనక్కి రావడం. అదే అక్కడ దొరకదు. 1961 న్యాయవాదుల చట్టం 35వ సెక్షన్ ప్రకారం క్రమశిక్షణ కమిటీ ఫిర్యాదు కొట్టేయొచ్చు, మందలించొచ్చు, కొంతకాలం ప్రాక్టీసు ఆపొచ్చు, రోల్ (న్యాయవాదుల జాబితా) నుంచి పేరు తీసేయొచ్చు. అంతే. డబ్బు కోసం సివిల్ దావా వేసుకోవాలి. న్యాయవాదుల సేవలు వినియోగదారుల చట్టం కిందికి రావని 2024 మేలో సుప్రీంకోర్టు తేల్చింది కాబట్టి ఆ దారీ లేదు.

ఫిర్యాదు మామూలు ఉత్తరంలా రాస్తే కుదరదు. సివిల్ కోర్టు పిటిషన్ పద్ధతిలో, సంతకం, వెరిఫికేషన్‌తో (రాసినవి నిజమన్న ధ్రువీకరణ), నిర్ణీత ఫీజు కట్టి ఇవ్వాలి. తెలుగులో రాసినా చెల్లుతుంది. ప్రాథమికంగా పస ఉందని కౌన్సిల్‌కు అనిపిస్తేనే కమిటీకి పంపుతుంది. ఎక్కువ ఫిర్యాదులు వీగిపోయేది ఇక్కడే. "కేసు ఓడిపోయాం" అన్నది దుష్ప్రవర్తన కాదు. కక్షిదారుకు చేరాల్సిన సొమ్ము దగ్గర పెట్టుకోవడం, రెండు పక్షాలకూ పనిచేయడం, గెలిస్తే ఇంత శాతం అని ఒప్పుకోవడం, ఫీజు బాకీ సాకుతో ఫైలు ఇవ్వకపోవడం మాత్రం నిలబడతాయి. ఫైలు అలా పట్టుకు కూర్చునే హక్కు లేదని సుప్రీంకోర్టు 2000లోనే చెప్పింది. వకాల్తా (లాయర్‌కు కేసు అప్పగించిన పత్రం) నకలు, బ్యాంకు లేదా యూపీఐ వివరాలు, ఈకోర్ట్స్ సైట్‌లోని వాయిదాల చరిత్ర జతచేయాలి. నోటిమాట మీద ఎవరి సన్నదూ (ప్రాక్టీసు అనుమతి) పోదు.

కమిటీలో ముగ్గురు. ముగ్గురూ న్యాయవాదులే! సాటి లాయర్‌ను వెనకేసుకొస్తారేమో అన్న అనుమానం సహజమే గానీ, సాక్షులకు సమన్లు పంపడంలో, రికార్డులు రప్పించడంలో కమిటీకి సివిల్ కోర్టు అధికారాలున్నాయి. అసలు తలనొప్పి జాప్యం. ఫిర్యాదు అందిన ఏడాదిలోగా తేల్చకపోతే విషయం ఢిల్లీలోని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకు (బీసీఐ) బదిలీ కావాలని అదే చట్టం 36బి సెక్షన్ చెబుతుంది. అందుకే తేదీ ముద్ర వేసిన రశీదు జాగ్రత్తగా ఉంచుకోవాలి. ఉత్తర్వు నచ్చకపోతే, అది అందిన 60 రోజుల్లో బీసీఐకి అప్పీలు. అక్కడి ఉత్తర్వుపై మరో 60 రోజుల్లో సుప్రీంకోర్టుకు.

ఇంకొకటి: లాయర్‌ను దారికి తేవడానికి ఫిర్యాదు పెట్టి, రాజీ అయ్యాక తీసేసుకుందాం అనుకుంటే పొరపాటు. ఫిర్యాదుదారు వెనక్కి తగ్గాడన్న ఒక్క కారణంతో విచారణ ఆపకూడదని నిబంధనల్లోనే ఉంది.

తప్పు చేసిన లాయర్‌కు శిక్ష పడాలనుకుంటే ఈ దారికి ఐదుకు మూడు మార్కులు. డబ్బు కోసమైతే సున్నా.