జీప్ ఎస్ఆర్‌టీకి బ్రేకులు నేనే మార్చుకున్నాను: 27,000 మైళ్ల తర్వాత

ముందు తీర్పు చెప్పేసి తర్వాత కథ చెబుతాను. ప్యాడ్లు (బ్రేక్ వేసినప్పుడు నొక్కుకునే దిమ్మలు) మార్చడం పిల్లలాట. రోటర్లు (చక్రంతో పాటు తిరుగుతూ, ప్యాడ్లు పట్టుకునే ఇనప పళ్లేలు) మార్చడం ఒళ్లు హూనమయ్యే పనే అయినా, మనకు చేతకానిది కాదు. ఈ రెంటి మధ్యలో హబ్ (రోటర్, చక్రం కూర్చునే ఇరుసు చివర) మీద తుప్పు గీకడం అని ఇంకో పని ఉంది. దాన్ని తేలిగ్గా తీసుకున్న పాపానికి నాలుగు వేల మైళ్లకే ముందు చక్రాలు మళ్లీ విప్పాల్సొచ్చింది.

బండి 2014 జీప్ గ్రాండ్ చెరోకీ ఎస్ఆర్‌టీ, సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. 6.4 లీటర్ల వీ8 ఇంజన్, 470 హార్స్‌పవర్. బరువు రెండువేల మూడొందల కిలోలకు పైనే. దీన్ని ఆపడానికి ముందు ఆరేసి పిస్టన్ల బ్రెంబో కంపెనీ కాలిపర్లు (ప్యాడ్లను రోటర్ మీదికి నొక్కే బిగింపులు), 15 అంగుళాల రోటర్లు ఇచ్చారు. వెనక నాలుగేసి పిస్టన్లవి, 13.8 అంగుళాలవి. గంటకు 60 మైళ్ల వేగం నుంచి 116 అడుగుల్లో ఆగుతుందని అప్పట్లో కంపెనీ చెప్పుకుంది. ఆగడం నిజంగానే ఆగుతుంది. ఆ ఆపిన వేడంతా ఎక్కడికి పోతుందో బ్రేకుల బిల్లు వచ్చినప్పుడు తెలుస్తుంది.

మేం ఉండేది న్యూజెర్సీలో, ఎడిసన్ దగ్గర. ఒక వేసవిలో పెన్సిల్వేనియాలోని పోకనోస్ కొండలకు వెళ్లి ఐ-80 హైవే మీద తిరిగి దిగుతుంటే బ్రేక్ వేసినప్పుడల్లా స్టీరింగ్ అదరడం మొదలైంది. వెనక సీట్లో పిల్లలకు సరదా, నాకు గుండెలో రాయి. ఇంటికొచ్చి చక్రం విప్పి చూస్తే ముందు ప్యాడ్లు మూడు మిల్లీమీటర్ల దగ్గర ఉన్నాయి. రోటర్ అంచున వేలు పెడితే గట్టులా తగిలింది. రోటర్ ఇంతకన్నా పల్చబడకూడదనే కొలత దాని మీదే చెక్కి ఉంటుంది. మైక్రోమీటర్ పెట్టి చూస్తే నాది ఆ గీత దాటిపోయింది. నాలుగు చక్రాలకీ కలిపి డీలర్ దగ్గర అడిగితే 2,400 డాలర్లన్నారు. సామాన్లు నేనే కొంటే 870 అయింది. అది కాక పనిముట్లకు ఇంకో 260. (పనిముట్ల ఖర్చు ఇంట్లో చెప్పలేదు.)

ప్యాడ్లు ఎంచుకోవడానికే వారం పట్టింది. ఒరిజినల్ ప్యాడ్లతో నా గొడవల్లా దుమ్ముతోనే. శనివారం కడిగితే ఆదివారం బ్రిడ్జ్‌వాటర్ గుడికి వెళ్లొచ్చేసరికి చక్రాలు మళ్లీ మసిబొగ్గు. అందుకని సిరామిక్ తీసుకున్నాను. డబ్బా మీద రాసిన గొప్పలు పక్కనపెట్టి ప్యాడ్ అంచున అచ్చేసిన అక్షరాలు చూడండి. చివర్లో పక్కపక్కన రెండు అక్షరాలుంటాయి. మొదటిది చల్లగా ఉన్నప్పటి పట్టు, రెండోది వేడెక్కాక పట్టు. ఈ (E) అంటే ఘర్షణ గుణకం 0.25 నుంచి 0.35 దాకా, ఎఫ్ అంటే 0.35 నుంచి 0.45, జీ అంటే 0.45 నుంచి 0.55. నేను కొన్నవి ఎఫ్ఎఫ్. ఇంత బరువు బండికి రెండో అక్షరం ఈ (E) అయితే నేనైతే ముట్టుకోను. అదే అంచున ఎన్ అనే అక్షరం కూడా కనబడొచ్చు. అది ప్యాడ్‌లో రాగి అర శాతం కంటే తక్కువుందని చెప్పే గుర్తు. బ్రేకుల దుమ్ములోని రాగి వానకు కొట్టుకుపోయి చేపలకు చేటు చేస్తోందని వాషింగ్టన్, కాలిఫోర్నియా రాష్ట్రాలు 2010లో చట్టాలు చేశాయి. ఆ పుణ్యమే ఇది.

ఇక పని. ముందు బ్రెంబోల్లో ప్యాడ్లు తీయాలంటే కాలిపర్ విప్పక్కర్లేదు. రెండు పిన్నులు, వాటి కింద ఒక స్ప్రింగ్ రేకు. పిన్నులు సుత్తితో కొట్టి ఇవతలికి లాగితే ప్యాడ్లు పైనుంచే చేతికొస్తాయి. చిక్కంతా పిస్టన్లను వెనక్కి నెట్టడంలో ఉంది. ఒకదాన్ని నొక్కితే పక్కది బయటికి పొడుచుకొస్తుంది. ఆరింటినీ ఒకేసారి లోపలికి పంపాలి. పాత ప్యాడ్‌ను అడ్డం పెట్టి, దాన్ని మొత్తంగా మెల్లగా నెట్టడమే మార్గం. నెట్టే ముందు బానెట్ ఎత్తి బ్రేక్ ఆయిల్ డబ్బా చూసుకోండి. పిస్టన్లు వెనక్కి పోయినకొద్దీ ఆయిల్ పైకి పొంగుతుంది. పెయింట్ మీద పడిందా, తినేస్తుంది. నేను చూసుకోలేదు. పొంగిన ఆయిల్‌ను మా బావమరిది గుడ్డ పెట్టి పట్టాడు కాబట్టి సరిపోయింది.

రోటర్ల దగ్గరికొచ్చేసరికి న్యూజెర్సీ చలికాలం గుర్తొచ్చింది. రోడ్ల మీద చల్లే ఉప్పుకు రోటర్, హబ్ రెండూ అతుక్కుపోయి ఒకే ముద్దయ్యాయి. కాలిపర్ బోల్టులు రెండూ విప్పి, కాలిపర్‌ను తీగతో పైన కట్టాం. గొట్టం మీద వేలాడనివ్వకూడదు. తుప్పు వదలగొట్టే నూనె కొట్టి, అరగంట ఆగి, రెండు కిలోల సుత్తితో రోటర్‌ను చుట్టూ తిప్పుతూ కొట్టాం. ముందు కుడి చక్రానికే గంటన్నర పట్టింది. ఊడినప్పుడు వచ్చిన చప్పుడుకి పక్కింటాయన బయటికొచ్చి చూశాడు. వెనక రోటర్‌తో ఇంకో తిరకాసు. దాని నడుమ గిన్నె లోపల పార్కింగ్ బ్రేక్ షూలు ఉంటాయి. అవి లోపలి గట్టుని పట్టుకుంటే రోటర్ చచ్చినా రాదు. పార్కింగ్ బ్రేక్ వదిలేసి, చక్రాలకు అడ్డు పెట్టుకుని, షూల అడ్జస్టర్‌ను వెనక్కి తిప్పాకే కదిలింది. ఆ సంగతి తెలియక ముందు ఇరవై నిమిషాలు దాని మీదే కోపం తీర్చుకున్నాం.

చీకటి పడుతుంటే తొందరపడ్డాను. అసలు తప్పు అక్కడే జరిగింది. ముందు హబ్‌ల మీద ఉన్న తుప్పును వైర్ బ్రష్‌తో నాలుగు గీతలు గీకి, చాల్లే అనుకుని కొత్త రోటర్లు ఎక్కించేశాను.

అన్నీ బిగించాక బండి కదిలించకముందు పెడల్ తొక్కాలి. మొదటిసారి కాలు నేలకంటా దిగిపోతుంది, భయపడొద్దు. పిస్టన్లు ప్యాడ్లను చేరేదాకా పది పన్నెండు సార్లు తొక్కితే గట్టిపడుతుంది. ఈ ముక్క మరిచి గరాజ్‌లోంచి రివర్స్ తీస్తే బండి ఆగేది ఎదురింటి గోడకే. మర్నాడు తెల్లవారుజామున ఖాళీ రోడ్డు మీద గంటకు 60 మైళ్ల నుంచి పదికి, పూర్తిగా ఆగకుండా, ఎనిమిదిసార్లు దించాను. ఆరోసారికి కాలిన వాసన వచ్చింది. ప్యాడ్ పదార్థం రోటర్ మీద సమంగా పల్చటి పూతలా పట్టాలనే ఇదంతా. తర్వాత పావుగంట బ్రేక్ దాదాపు ముట్టకుండా నడిపి చల్లార్చాను.

మూడు నెలలు వెన్నలా నడిచింది. నాలుగు వేల మైళ్ల దగ్గర మళ్లీ అదే అదురు, అదే స్టీరింగ్. వెనక వాటి లోపమైతే అదురు సీట్లో తెలుస్తుంది, ముందువైతే స్టీరింగ్‌లో. "రోటర్ వంకరపోయింది బావా, నాసిరకం అంటగట్టారు" అన్నాడు మావాడు. నేనూ అదే అనుకుని అమ్మినవాళ్లను తిట్టుకున్నాను. తీరా రోటర్ ఎంత ఊగుతోందో కొలిచే డయల్ గేజ్ కొని పెట్టి చూస్తే తప్పు నాదే. హబ్ మీద మిగిలిన తుప్పు పొర కాగితమంత కూడా ఉండదు. కానీ దాని మీద కూర్చున్న రోటర్ అంచు దగ్గరికొచ్చేసరికి అటూ ఇటూ ఊగుతోంది. బ్రేక్ వేయనప్పుడు కూడా ప్రతి చుట్టుకీ ఒకే చోట ప్యాడ్‌కు రాసుకుంటుంది. అలా వేల మైళ్లు తిరిగేసరికి ఒకచోట అరిగి, ఇంకోచోట ప్యాడ్ పదార్థం పేరుకుని, రోటర్ మందం హెచ్చుతగ్గులవుతుంది. మన కాలికి, చేతికి తగిలేది ఆ హెచ్చుతగ్గులే. అందుకే లోపం బిగించిన రోజు కాక మూడు నెలలకు బయటపడింది.

గేజ్‌లో ముల్లు 0.13 మిల్లీమీటర్లు ఊగింది. రోటర్ తీసి, హబ్‌ను లోహం మెరిసేదాకా, స్టడ్‌ల (చక్రం బిగించే బోల్టుల) చుట్టూ సందుల్లో సహా శుభ్రం చేసి, మళ్లీ అతుక్కుపోకుండా పల్చగా యాంటీ సీజ్ పేస్టు రాశాను. మళ్లీ పెడితే 0.04. అప్పటికే ఆ జత పాడైంది కాబట్టి ముందు రోటర్లు ఇంకో జత కొన్నాను, అదో 310 డాలర్లు. లగ్ నట్లు (చక్రం నట్లు) ఈసారి బిగింపు కొలిచే టార్క్ రెంచ్‌తో, నక్షత్రం వరసలో బిగించాను.

పనిలో పనిగా బ్రేక్ ఆయిల్ కూడా మార్చాం. డాట్ 4 రకం ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగదని ప్రమాణం, తేమ పట్టాక 155కే మరగొచ్చు. కొండ దిగేటప్పుడు ఆ తేడా పెడల్‌లో తెలుస్తుంది. మావాడు కూర్చుని తొక్కడం, నేను కింద కాలిపర్ మీద ఆయిల్, గాలి బయటికొచ్చే నట్టు వదులు చేయడం. "తొక్కు, పట్టుకో" అంటే పట్టుకోకుండా ఫోన్ చూసుకుంటూ వదిలేశాడు. గాలి లాగేసింది, మళ్లీ మొదటికి. "ఇంకెన్నిసార్లు బావా" అని మళ్లీ నన్నే అడిగాడు!

అప్పటినుంచి లెక్కేస్తే ఇవాళ్టికి 27,000 మైళ్లు. అదురు లేదు. దుమ్ము బాగా తగ్గింది, చక్రాలు రెండు వారాలకోసారి కడిగితే సరిపోతోంది. గడ్డకట్టే చలిలో పొద్దున్నే మొదటి రెండు బ్రేకులకు పట్టు కాస్త మందంగా ఉంటుంది, ఒరిజినల్స్ అలా ఉండేవి కావు. వాన రాత్రి బయట నిలిపితే తెల్లారి మొదటిసారి గరగరమంటుంది, అది తుప్పు పొర రాలడమే. పోకనోస్ మళ్లీ నాలుగుసార్లు దిగాను, పెడల్ మెత్తబడలేదు. ట్రాక్ మీదికి తీసుకెళ్లేవాళ్లు మాత్రం ఈ సిరామిక్‌లు కొనకండి, వాళ్ల వేడి వేరు.

మొత్తం ఖర్చు 1,440 డాలర్లు, రెండు వారాంతాలు, ఒక వేలి గోరు. మొన్న కొలిస్తే ముందు ప్యాడ్లు సగానికి పైనే ఉన్నాయి. వెనక లోపలివి నాలుగు మిల్లీమీటర్లకు వచ్చాయి. రోడ్ల మీద ఉప్పు పడకముందే వాటి పని పట్టాలి. వైర్ బ్రష్ కొత్తది కొన్నాను.